విత్తనం మాది, సంతకం మీది: కేంద్ర వాణిజ్య మంత్రి గారికి కలికిరి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ పీయూష్ గోయల్ గారికి,



పాకాల నుంచి ధర్మవరం పోయే రైలు దారిలో పీలేరు దాటాక వచ్చే ఊరు మా కలికిరి. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పడిపోయినప్పుడో, భాకరాపేట అడవిలో ఎర్రచందనం దుంగలు పట్టుబడినప్పుడో తప్ప మా వైపు సంగతులు ఢిల్లీ దాకా రావు. ఈ ఉత్తరంలో చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం గురించి కొంత, పుంగనూరు ఆవు గురించి కొంత, ఎర్రచందనం గురించి కాస్త ఎక్కువగా రాస్తున్నాను. ఇవన్నీ వ్యవసాయ శాఖకో, అటవీ శాఖకో రాయాల్సినవి కదా, మాకెందుకు అని మీ కచేరీలో ఎవరైనా అనవచ్చు. ఎర్రచందనం దేశం దాటాలంటే నోటిఫికేషన్ ఇచ్చేది మీ కిందనున్న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్. పేటెంటు ఆఫీసు పనిచేసేది మీ పరిశ్రమల ప్రోత్సాహక విభాగం కింద. యూరప్‌తోనో, బ్రిటన్‌తోనో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి కూర్చునేదీ మీ అధికారులే. అందుకే మీకు రాస్తున్నాను.

మా వైపు చెనిక్కాయ వానను నమ్ముకున్న పంట. తొలకరికి ముందు, ఎండలు మండే రోజుల్లో, అటక మీదనుంచి విత్తనం మూటలు దించుతారు. నూనె మిల్లుకు పోయే కాయలైతే యంత్రంలో వేసినా ఫరవాలేదు గానీ విత్తనానికి చేత్తో ఒలిచిందే మేలని మా ఆడవాళ్లు ఇప్పటికీ అంటారు. గింజ పైన ఎర్రపొర చెదిరిందా, ముక్కు విరిగిందా, పక్కన పెట్టేస్తారు. అది చట్నీకి. నిండుగా, పొర చెక్కుచెదరకుండా ఉన్నది చేనికి. ఆ ఏరడంలో పెద్దవాళ్ల వేళ్లు కంటికంటే ముందు పోతాయి. విత్తనం చాలని ఇల్లు ఇరుగుపొరుగు నుంచి నాగుకు తెచ్చుకుంటుంది. కల్లంలో కాయ రాలగానే మూటకు మూటన్నర లెక్కన తీరుస్తుంది. నాగు వడ్డీ ధర్మమైనదని నేననను, అందులో చితికిపోయిన ఇళ్లు నాకు తెలుసు. కానీ ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు ఇచ్చిన కె-6 రకం ఇలాగే ఊరూరా పాకింది. దాని తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి కూడా ఎక్కువగా రైతుల చేతుల మీదుగానే వ్యాపించింది. ప్రభుత్వ కౌంటరు తెరిచే దాకా ఎవరు ఆగుతారు, పదును ఆగదు కదా.

ఈ అలవాటుకు మన దేశంలో చట్టం అండ ఉంది. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం, రక్షణ పొందిన రకాన్నయినా సరే రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు తగిలించి అమ్మకూడదన్నది ఒక్కటే షరతు. ఇంత ఉదారమైన చట్టం ప్రపంచంలో అరుదు. దాని బలం 2019లో గుజరాత్‌లో తేలింది. లేస్ చిప్స్ కోసం తాము రిజిస్టరు చేసుకున్న ఎఫ్ఎల్-2027 బంగాళాదుంపను అనుమతి లేకుండా పండించారని పెప్సికో కంపెనీ రైతుల మీద కోర్టుకు వెళ్లింది. కొందరి మీద ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా దావా వేసింది. దేశమంతా గొడవ చేయడంతో కేసులు వెనక్కి తీసుకుంది. రైతు హక్కుల కార్యకర్త కవిత కురుగంటి గారి పిటిషన్ మీద 2021 డిసెంబరులో ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి దాన్ని మళ్లీ పునరుద్ధరించింది. కంపెనీకి రిజిస్ట్రేషన్ తిరిగి దక్కినా 39వ సెక్షన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ రైతులకు నిలబడడానికి ఒక కాలు ఉన్నది ఆ సెక్షన్ వల్లే.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి వస్తాను. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైనప్పుడు, దానితోపాటు వచ్చిన మేధో సంపత్తి ఒప్పందం ‘ట్రిప్స్’లో 27.3(బి) అని ఒక చిన్న నిబంధన ఉంది. మొక్కలకూ జంతువులకూ పేటెంటు ఇవ్వకపోయినా ఫరవాలేదు, సూక్ష్మజీవులకు ఇవ్వాలి, మొక్కల రకాలకు మాత్రం పేటెంటో, పనికొచ్చే మరో సొంత విధానమో ఉండాలి అన్నది దాని సారం. ‘సొంత విధానం’ అన్న ఆ సందులోంచే మన 2001 చట్టం పుట్టింది. అంటే అంతగా తిట్టుకున్న డబ్ల్యూటీఓ కూడా మాకు కొంత చోటు వదిలింది. ఆ చోటును మూసేసేవి తర్వాత వచ్చిన ద్వైపాక్షిక, ప్రాంతీయ ఒప్పందాలు. కొత్త మొక్కల రకాలకు రక్షణ ఇచ్చే 1991 నాటి ‘యూపోవ్’ ఒడంబడికలో చేరాలని, లేదా దానికి తగ్గట్టు చట్టం మార్చుకోవాలని వాటిలో ఒక వాక్యం కలుస్తుంది. యూరోపియన్ యూనియన్ వియత్నాంతో చేసుకున్న ఒప్పందంలో యూపోవ్ ఉంది. పసిఫిక్ దేశాల సీపీటీపీపీ ఒప్పందంలోనూ ఉంది. ఆ ఒడంబడిక కింద, దేశం దయతలిస్తే, రైతు తన చేలో పండిన విత్తనాన్ని హద్దులకు లోబడి తన చేలోనే మళ్లీ వేసుకోవచ్చు. పక్కింటికి నాగుకు ఇవ్వడం, సంతలో అమ్మడం కుదరదు. రక్షణ కాలం మన చట్టంలో పంటలకు 15 ఏళ్లయితే అక్కడ తక్కువలో తక్కువ 20.

ఒప్పందం వార్త వచ్చిన ప్రతిసారీ పాలు, ధాన్యం జోలికి ఎవరినీ రానివ్వమని మీ శాఖ చెబుతుంది. మంచిదే. 2019 నవంబరులో ఆర్‌సెప్ వాణిజ్య చర్చల నుంచి బయటికి వచ్చినప్పుడు మా పాడి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే సుంకం లెక్క వేరు, చట్టం లెక్క వేరు. ఒక సరుకు మీద సుంకం తగ్గిస్తే నష్టం ఆ ఏడే మార్కెట్లో కనబడుతుంది, రైతు రోడ్డెక్కుతాడు, ప్రభుత్వం సర్దుబాటు చేసుకుంటుంది. మేధో సంపత్తి అధ్యాయంలో పడిన వాక్యం ఐదారేళ్ల తర్వాత చట్ట సవరణగా వస్తుంది. అప్పుడు అడిగితే, అంతర్జాతీయ బాధ్యత కదండీ, ఏం చేస్తాం అంటారు. ధర లేని వాక్యం కాబట్టి దాన్ని పేపర్లూ పట్టించుకోవు.

నేను హైబ్రిడ్ విత్తనానికి శత్రువును కాను. మదనపల్లె, పుంగనూరు, కలికిరి రైతులు నాలుగు డబ్బులు కళ్లజూసింది టమోటాలోనే. ఇప్పుడు టమోటా విత్తనం ఇంట్లో దాచేవాళ్లు లేరు. నర్సరీ నుంచి ట్రేలలో నారు వస్తుంది, ఏడాదికేడాదీ కొనాల్సిందే. ఆ బాట అలా పోయింది, వెనక్కి రాదు. అందుకే చెనిక్కాయ, ఉలవ, రాగి, పితికిపప్పుకు వేసుకునే అనప, ఇంకా మా చేతుల్లో ఉన్నవి చేజారకుండా చూడమంటున్నాను.

ఇక ఆవుల కథ. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. వాటిలో సింహభాగం ‘నెలోర్’ జాతివి, లేదా ఆ జాతి రక్తం కలిసినవి. అవి మన ఒంగోలు పశువుల సంతానం. అప్పటి నెల్లూరు జిల్లా పేరు ఓడెక్కి అలా మిగిలింది. 19వ శతాబ్దంలో మొదలైన ఎగుమతులు 1960ల తొలి సంవత్సరాల దాకా సాగాయి. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు ఒకటి ఆ చివరి విడతలోనే వెళ్లి అక్కడి మందలకు మూలపురుషుడైంది. 2023లో ‘వియాటినా-19’ అనే నెలోర్ ఆవుకు బ్రెజిల్ వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఈ వార్త వచ్చినప్పుడు మన పత్రికలు ‘మన ఒంగోలు ఆవు’ అని పెద్ద అక్షరాలతో మురిసిపోయాయి. ఆ డబ్బులో ఒంగోలుకు గడ్డిపరక కూడా రాలేదు, రాదు కూడా. జీవవైవిధ్య ఒడంబడిక అమల్లోకి వచ్చింది 1993 డిసెంబరు 29న. అంతకుముందు దేశం దాటిన దానిమీద హక్కు అడగడానికి అందులో దారి లేదు. నిజం చెప్పాలంటే వాళ్లు దొంగిలించుకు పోలేదు. డబ్బిచ్చి కొన్నారు, మనవాళ్లు అమ్మారు. వాళ్లు వంశావళి రాసుకున్నారు, మనం రాసుకోలేదు. గుజరాత్ గిర్ జాతిదీ అదే కథ. ఇప్పుడు బ్రెజిల్ నుంచి గిర్ వీర్యాన్ని మనమే దిగుమతి చేసుకుంటున్నాం.

మా పుంగనూరు ఆవు ఓడెక్కలేదు. ఇక్కడే ఉండి కనుమరుగయ్యే దాకా వచ్చింది. నిలువెత్తు మనిషికి నడుము దాటని ఎత్తు, వెడల్పు నొసలు, చిట్టి కొమ్ములు, నేలను తుడిచే తోక. కరువులో గడ్డిపోచ మీద బతికే రకం. పాలు కొంచెమే ఇచ్చినా వెన్న చిక్కగా పడుతుంది. పాల డెయిరీలు లీటర్లు అడిగాయి, జెర్సీ, హెచ్ఎఫ్ సంకరాలు వచ్చాయి, ఇది మూలకు పోయింది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రం ఒక మందను నిలబెట్టకపోతే బొమ్మలో చూపించాల్సి వచ్చేది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక దశ తిరిగింది. నగరాల్లో డాబా మీద కట్టేసుకోవడానికి కొంటున్నారు. పొట్టిదైతే చాలు పుంగనూరే అని అమ్మేవాళ్లూ తయారయ్యారు. కొనేవాడికి మురిపెం, అమ్మేవాడికి లాభం. జాతి శుద్ధి సంగతి ఆ ఇద్దరికీ పట్టదు.

1960ల్లో ఆబోతును పంపాలంటే ఓడ కావాలి, నెలల ప్రయాణం. ఇవాళ ఒక గొట్టంలో పిండం చాలు. అదీ అక్కర్లేదు, నాలుగు వెంట్రుకలతో జన్యుక్రమం చదివి కంప్యూటర్లో పంపితే కస్టమ్స్ వాళ్లకు కనబడదు. దీనిమీద ప్రపంచమంతా తలలు పట్టుకుంటోంది. కొలంబియాలోని కాలిలో 2024లో జరిగిన జీవవైవిధ్య సదస్సు, జన్యు సమాచారం వాడుకునే కంపెనీలు లాభంలో 1 శాతమో, రాబడిలో 0.1 శాతమో ఒక నిధికి ఇవ్వాలని కోరింది. కోరింది, అంతే. ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. వాణిజ్య ఒప్పందంలో కంపెనీ హక్కు మాత్రం అలా ఉండదు. దాన్ని ఉల్లంఘించిన దేశం మీద వివాద పరిష్కార కమిటీ కూర్చుంటుంది. రెండూ అంతర్జాతీయ ఒప్పందాలే. ఒకదానికి పళ్లున్నాయి, ఇంకోదానికి లేవు. పళ్లున్నది మీ చేతిలో ఉంది కాబట్టి జీవ వనరుల రక్షణను అందులో రాయించండి అని అడుగుతున్నాను.

ఎర్రచందనం దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. విత్తనం విషయంలో తలుపు బార్లా తెరిచే ఒప్పందంతో భయం. ఇక్కడ తలుపు మూసిన ఒప్పందం. ఈ చెట్టు ప్రపంచంలో శేషాచలం, వెలిగొండ, నల్లమల, లంకమల చుట్టుపక్కల కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. చేవ కట్టాలంటే పాతికేళ్లయినా పట్టాలి. చైనాలో రాజుల కాలం నాటి తీరు సామాన్లకు, జపాన్‌లో సంగీత వాద్యాలకు దీనికి గిరాకీ. అంతరించే జాతుల వాణిజ్యాన్ని అదుపు చేసే ‘సైటిస్’ ఒప్పందం 1995లో దీన్ని రెండో అనుబంధంలో చేర్చింది. 2004 నుంచి ప్రత్యేక సమీక్షలో పెట్టింది. కాగితం మీద చూస్తే కట్టుదిట్టమైన కాపలాయే. ఆ కాపలా నడుస్తుండగానే మా కొండల్లో దుంగలు నరుకుతూనే ఉన్నారు, లారీలు చెన్నై రేవుకు పోతూనే ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చచ్చిపోయారు. వాళ్లకు సైటిస్ అంటే ఏమిటో తెలిసి ఉండదు. దుంగ చివరికి ఎవరి ఇంట్లో బీరువా అవుతుందో ఆ మనిషి మీద ఈగ వాలలేదు.

ఇంకో పక్క పట్టా భూమిలో ఈ చెట్టు పెంచిన రైతులున్నారు. బ్యాంకులో వేసిన డిపాజిట్ అనుకుని నాటారు. బోరు ఎండిపోయిన ఏడు కూడా దీనికి నీళ్లక్కర్లేదు. బిడ్డ పెళ్లికి అక్కరకొస్తుందన్నది ఆశ. తీరా చెట్టు పెరిగాక కొట్టడానికి ఒక అనుమతి, రవాణాకు ఒక పర్మిట్, ఎగుమతికి ఇంకొకటి. దొంగ దుంగకూ సొంత దుంగకూ పైకి తేడా తెలియదు కాబట్టి రైతు ముందు తాను దొంగ కాదని నిరూపించుకోవాలి. అడవి చెట్టు మీద జరిగిన దొంగతనానికి తోట చెట్టు పెంచినవాడు జరిమానా కట్టినట్టయింది. 2019 ఫిబ్రవరిలో మీ డైరెక్టరేటే పట్టా భూముల ఎర్రచందనం ఎగుమతికి వీలుగా విధానం సడలించింది. 2023 నవంబరులో జెనీవాలో సైటిస్ స్థాయీ సంఘం ప్రత్యేక సమీక్ష నుంచి మన ఎర్రచందనాన్ని తప్పించింది. ఇది చిన్న విషయం కాదు, 19 ఏళ్ల ముడి విప్పారు. పర్యావరణ శాఖ అధికారులను మెచ్చుకోవాలి. కానీ జెనీవాలో విడిన ముడి రేంజి ఆఫీసులో విడిందా అన్నది రైతును అడగాలి. చెట్టు నిలువునా అమ్ముకుని వచ్చిందే చాలనుకునే రైతు దగ్గర దళారీ బేరం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఈ చెట్టు పరిస్థితి మీద ప్రపంచ పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్‌కే ఒక మాట మీద నిలకడ లేకపోయింది. 1997లో ప్రమాదంలో ఉందన్నారు. 2018లో కాస్త నయమన్నారు. తర్వాత మళ్లీ ప్రమాదమే అన్నారు. మా కొండలకు వచ్చి లెక్కపెట్టినవాళ్లు ఎందరో గానీ, ఆ ఒక్కో మాట మారినప్పుడల్లా మా దగ్గర బేరం మారింది.

అయినా ఇందులోనే ఒక మంచి జరిగింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం, జీవ వనరును వాడుకుని సంపాదించినవాడు దాన్ని కాపాడినవాళ్లకు వాటా ఇవ్వాలి. 2014 మార్గదర్శకాల్లో చందనం, ఎర్రచందనం లాంటి విలువైన వాటికి వేలం ధరలో 5 శాతానికి తగ్గకుండా వాటా పెట్టారు. అలా జమైన డబ్బులో 3 కోట్ల రూపాయలను చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో మా రాష్ట్రానికి విడుదల చేసింది. చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల్లో 198 మంది ఎర్రచందనం రైతులకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి. ఎవరికెంత అన్నది 33 వేల నుంచి 22 లక్షల దాకా ఉంది. చెట్టు పెంచినందుకు ఢిల్లీ కాదు, ప్రపంచం చెల్లించిన డబ్బు రైతు చేతికి రావడం మా వైపు మొదటిసారి విన్నాం. పదేళ్లు తిరిగితే గానీ రాలేదు, అది వేరే మాట.

ఇంతకంటే పాత ఉదాహరణ తెలంగాణలో ఉంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి బయో ఇండియా బయోలాజికల్స్ అనే హైదరాబాదు కంపెనీ 2 టన్నుల ఎండు వేపాకు జపాన్‌కు ఎగుమతి చేసింది. దానికి రాయల్టీ కింద 55,035 రూపాయలు కట్టింది. ఊరి జీవవైవిధ్య కమిటీకి వేప మొక్కలు నాటడానికి అందులోంచి కొంత అందింది. మొత్తం చిన్నది. కానీ వేపాకు కోసినందుకు ఒక ఊరికి లెక్క రాసి పైకం ఇవ్వడమన్నది దేశంలోనే కొత్త. అదే వేప మీద ఒక అమెరికా కంపెనీ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్, అక్కడి వ్యవసాయ శాఖతో కలిసి 1994లో యూరప్ పేటెంటు పుచ్చుకుంది. ధాన్యం కుండలో వేపాకు వేసుకునే ప్రతి అవ్వకూ తెలిసిన సంగతిలో కొత్తదనం ఏముందని వాదించి, 2000లో రద్దు చేయించి, అప్పీలులో 2005 మార్చిలో గెలవడానికి పర్యావరణ కార్యకర్త వందనా శివ గారి లాంటివాళ్లకు పదేళ్లు పట్టింది. పేటెంటు దరఖాస్తులోనే ఈ మొక్క ఎక్కడిది, ఈ తెలివి ఎవరిది అని రాయాలన్న నియమం ఉంటే పదేళ్ల పోరాటం అక్కర్లేదు. మన పేటెంటు చట్టం ఆ సంగతి 20 ఏళ్లకు పైగా అడుగుతోంది. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ 2024 మే 24న జెనీవాలో చేసిన ఒడంబడిక ఎట్టకేలకు అదే ఒప్పుకుంది. ఆ ఒడంబడిక 15 దేశాలు ఆమోదిస్తే గానీ అమల్లోకి రాదు. వచ్చినా, ఆ వివరం రాయకపోయినంత మాత్రాన పేటెంటు రద్దవదు, మోసం ఉద్దేశం ఉందని తేలాలి. అందుకే ప్రతి ద్వైపాక్షిక ఒప్పందంలోనూ మీరు గట్టి వాక్యం అడగాలి. వాళ్లు మనల్ని యూపోవ్ అడిగే ధైర్యం చేసినప్పుడు మనం మూలం చెప్పమని అడగడానికి మొహమాటమెందుకు?

మన ఇల్లు మనం చక్కబెట్టుకోకుండా ఎదుటివాణ్ణి అడిగితే చెల్లదని కూడా తెలుసు. జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించినప్పుడు, జీవ వనరుల రంగంలోకి విదేశీ పెట్టుబడులు రప్పించడం ఒక ఉద్దేశమని బిల్లులోనే రాశారు. ఆయుష్ వైద్యులకు, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానం వాడేవారికి వాటా బాధ్యత తీసేశారు. జైలు శిక్షలు తీసి జరిమానాలు పెట్టారు. మామూలుగా వర్తకంలో ఉండే సరుకులని నోటిఫై చేసిన వందల మొక్కలకు ఈ చట్టం వర్తించదని 40వ సెక్షన్ ముందునుంచీ అంటోంది. కిలోల లెక్కన సరుకుగా అమ్మేదీ, దానిలోని గుణం కోసం ల్యాబుకు పోయేదీ ఒకే మొక్క. మూట మీద ఏం రాశారో చూసి గుర్తుపట్టాలి. సవరణలతో మీరు సడలించిన ప్రతి మాటా రేపు ఒప్పందం బల్ల మీద ఎదుటివాళ్లకు ఆయుధమే. మీ సొంత చట్టమే ఇది అక్కర్లేదంటోంది కదా అంటారు.

పంచాయతీల్లో జీవవైవిధ్య రిజిస్టర్ల సంగతి మరీ దారుణం. ప్రతి స్థానిక సంస్థలోనూ 2020 జనవరి ఆఖరుకు కమిటీలు, రిజిస్టర్లు ఉండాలని, లేకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. దాంతో దేశమంతా ఆదరాబాదరాగా రాసేశారు. ఒక పంచాయతీ ఆఫీసులో రిజిస్టరు చూపించమని అడిగాను, ఊరి పేరు అక్కర్లేదు. బీరువాలోంచి తీసిన పుస్తకంలో మా చుట్టుపక్కల ఎక్కడా లేని చెట్ల పేర్లు కొన్ని ఉన్నాయి. అనపకాయ లేదు. ఎవరో ఎక్కడి నుంచో ఎక్కించిన పాఠం. రేపు ఎవరైనా అనప మీద పేటెంటు అడిగితే ఇది మాది అని చూపించాల్సిన కాగితం అదే.

మీకు నేను పెట్టుకునే విన్నపం పెద్దది కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో 14వ అంశం, పశు సంరక్షణ 15వ అంశం. విదేశాలతో ఒప్పందం మాత్రం కేంద్రం జాబితాలో 14వ అంశం. అంకె ఒకటే, అధికారం వేరు. 253వ అధికరణంతో ఒప్పందం కోసం రాష్ట్రాల అంశం మీద కూడా పార్లమెంటు చట్టం చేయగలదు. అందువల్ల మా ముఖ్యమంత్రి గారు కుప్పం ఎమ్మెల్యేనే అయినా, కుప్పం రైతు విత్తనం గురించి విదేశంతో మీరు ఏం మాట్లాడుతున్నారో ఆయనకు చెప్పాల్సిన నియమం ఎక్కడా లేదు. యూరోపియన్ యూనియన్‌తో చర్చలు 2022లో మళ్లీ మొదలైనప్పుడు, వాళ్లు తమ ప్రతిపాదనలను బ్రస్సెల్స్ వెబ్‌సైటులో పెట్టారు. మన ప్రతిపాదనలు మన వెబ్‌సైటులో లేవు. మా విత్తనం గురించి ఏం అడిగారో తెలుసుకోవడానికి కలికిరి రైతు బ్రస్సెల్స్ వైపు చూడాలా?

మేధో సంపత్తి అధ్యాయం ముసాయిదాను సంతకానికి ముందే రాష్ట్ర ప్రభుత్వాలకు, రాష్ట్ర జీవవైవిధ్య మండళ్లకు పంపండి. 2001 చట్టం 39వ సెక్షన్‌ను తాకే షరతుకు ఏ ఒప్పందంలోనూ ఒప్పుకోబోమని పార్లమెంటులో మాట ఇవ్వండి. ప్రెస్ మీట్‌లో ఇచ్చిన మాట రికార్డు కాదు. పట్టా ఎర్రచందనం ఎగుమతికి రైతు పెట్టుకున్న దరఖాస్తు ఎన్నాళ్లలో తేలాలో మీ డైరెక్టరేటు గడువు పెట్టి, దాటితే కారణం రాసి ఇవ్వాలని ఆదేశించండి. ఈ చివరిదానికి ఏ దేశంతోనూ చర్చలు అక్కర్లేదు, ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. మీ సంతకం ఒక్కటి చాలు.

జవాబు రాయించగలరని నమ్ముతున్నాను. అది హిందీలో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా ఇబ్బంది లేదు. మా ఊళ్లో సైనిక్ స్కూలు ఉంది, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పిల్లలు చదివి చెబుతారు. వందల పేజీల ఒప్పందం పాఠం మాత్రం వాళ్ల నెత్తిన పెట్టలేను. అందులో మొక్కలకూ పశువులకూ సంబంధించిన పేజీలైనా తెలుగులో పంపించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
కలికిరి మండలం చెనిక్కాయ రైతు